ఉప్పు బిళ్ళ

ఆయుధ పూజ నాడు పనిముట్టు కడగకపోతే గుడియాత్తం నేతగాళ్ళకు ముద్ద దిగదు. ఆదిమూలం నలభై ఏళ్ళొచ్చాక మగ్గం వదిలి వేలూరు బడిలో సైన్సు గదికి నౌకరుగా చేరినా ఆ బుద్ధి మాత్రం వదల్లేదు. మంచి బుద్ధే, కాదనను. దాంతోనే కొంప ముంచాడు.

ఆ గదిలో కృష్ణమూర్తి అయ్యవారు మూడేళ్ళుగా ఒక యంత్రం కడుతున్నారు. చంద్రుడు ఎండకు కాగి, కంటికి కనబడని వేడి కిరణాలను మన మీదికి పంపుతాడట. వాటిని కొలవాలి. వెంట్రుకంత సన్నని తీగెలను అతికింది ఆదిమూలమే. ఎన్ని తెగిన పోగులు అతికిన వేళ్ళవి! యంత్రం మూతికి గాజులాంటి బిళ్ళ ఒకటి ఉండేది. "దాన్ని తాకొద్దప్పా" అన్నారు అయ్యవారు. ఎందుకో చెప్పలేదు.

1926లో, పూజ నాడు, అన్నిటితోపాటు దాన్నీ ఊడదీసి చెంబు నీళ్ళలో వేశాడు. చందనం అరగదీసి వచ్చేసరికి బిళ్ళ సగం కరిగిపోయింది. ఆ నీళ్ళలో వేలు ముంచి నాలుకకు ఆనించి చూశాడు. ఉప్పు! బుద్ధున్నవాడైతే పరుగున పోయి చెప్పేవాడు. ఈ మహానుభావుడు కిటికీ గాజు ముక్కను ఆ కొలతకు కోయించి, బిగించి, నోరు మూసుకున్నాడు.

ఆరో రోజు పున్నమి. యంత్రాన్ని పరీక్షించడానికి మద్రాసు నుంచి ముగ్గురు పెద్దలు కాట్పాడిలో రైలు దిగి వచ్చారు. చంద్రుడు పైకెక్కాడు, యంత్రం ముల్లు కదిలింది.

"ఇప్పుడు గాజు అడ్డం పెడతాను. మూతికున్న ఉప్పు బిళ్ళ వెలుతురునూ వేడినీ రెంటినీ పోనిస్తుంది. గాజు వెలుతురును పోనిస్తుంది, చంద్రుడి సొంత వేడిని పోనివ్వదు. ముల్లు పడిపోతుంది, చూడండి" అన్నారు అయ్యవారు.

పెట్టారు. ముల్లు పడలేదు. తీసి మళ్ళీ పెట్టారు. ఊహూ! లోపల అప్పటికే గాజుందని తెలిసినవాడు గోడకు ఆనుకొని చెమటలు కక్కుతున్నాడు.

"చంద్రుడు చల్లనివాడని మా అవ్వ ఎప్పుడో చెప్పింది లేండి" అని ఒకాయన నవ్వాడు.

అయ్యవారు చేతులు జోడించారు. "నా లెక్కే తప్పు. ఆదిమూలం పనితనంలో మాత్రం లోపం లేదు."

ఆ మాటతో ఆదిమూలానికి సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది. పెద్దల జట్కా వెళ్ళగానే అయ్యవారి కాళ్ళ మీద పడ్డాడు. "నేనే అయ్యా! కడిగి కరిగించినా. గాజు పెట్టి మోసం చేసినా."

అయ్యవారు తిట్టలేదు. సొరుగు లాగి, దూదిలో చుట్టిన ఇంకో బిళ్ళ తీశారు.

"తడి తగిల్తే పోయేదని రెండు తెప్పించినా నాయనా. ఈ ఆరు దినాల్లో ఒక్క మాట చెప్పుంటే చాలు కదా."