నగరి అని వెతికితే

“నగరి” అని ఇంగ్లీషులో కొట్టగానే కంప్యూటర్ పద్నాలుగు వేల ఫలితాలు చూపించింది. చౌడేశ్వరి కళ్ళజోడు పైకి జరుపుకొని మొదటి పేజీ చదివింది. అన్నీ దేవనాగరి లిపి మీద రాసిన వ్యాసాలే.

“దీనికి మన నగరి తెలీదు పాపా. హిందీ అక్షరాలనుకుంటా ఉండాది” అంది.

పక్క కుర్చీలో ఉన్న కృపారాణికి నవ్వు రాలేదు. ఐరాల నుంచి నాలుగు రోజులుగా బస్సులో చిత్తూరు వచ్చి ఈ కళాశాల గ్రంథాలయంలో కూర్చుంటోంది. నగరి చేనేత మీద ఆమె పరిశోధన. ముప్పై ఏళ్ళ నాటి వ్యాసం ఒకటి గైడు చూడమన్నారు. శుక్రవారంలోగా దొరక్కపోతే ఒక అధ్యాయం మొత్తం పక్కన పెట్టాల్సిందే.

చౌడేశ్వరి ఇక్కడ ఇరవై ఆరేళ్ళుగా అసిస్టెంటు. పత్రికల దుమ్ము దులపడంతో మొదలుపెట్టి, నలభయ్యో ఏట కంప్యూటర్ నేర్చుకుంది. ఇప్పటికీ రెండు వేళ్ళతోనే టైపు చేస్తుంది. చిన్నప్పుడు మగ్గానికి నూలు కండెలు చుట్టిన చేతులవి. దారం కోసిన సన్నని గీత చూపుడువేలి మీద ఇంకా ఉంది.

ఆమె నగరి పక్కన చిత్తూరు చేర్చింది, నేతగాళ్ళు అని చేర్చింది, సంవత్సరాల హద్దు పెట్టింది. పద్నాలుగు వేలు మూడయ్యాయి. మూడో వ్యాసం పక్కన రచయిత పేరు చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది. రామానుజ.

“ఇదే అక్కా!” అని కృపారాణి లేచి నిలబడింది. కానీ శీర్షిక తప్ప వ్యాసం లేదు. అది అచ్చయిన పత్రిక సంచిక తిరుపతిలోని ఒక గ్రంథాలయంలో ఉన్నట్టు జాబితాలో కనబడితే, చౌడేశ్వరి ఫోన్ చేసి పేజీలు స్కాన్ చేసి పంపమని బతిమాలింది.

మధ్యాహ్నం క్యారియర్ విప్పుతుంటే చౌడేశ్వరికి నగరిలోని పాత ఇల్లు గుర్తొచ్చింది. నుదుట నామం, చంకలో నోటుపుస్తకంతో తిరుపతి నుంచి వచ్చిన ఈ రామానుజ సారు పది రోజులు వాళ్ళ మగ్గం గుంట పక్కన చాప మీద కూర్చున్నాడు. నాయన మగ్గం ఆపి మరీ చెప్పేవాడు. పని పోతోందని అమ్మ గొణిగేది. సారు వెళ్ళాక ఇంటికొచ్చిన ప్రతివాడితోనూ నాయన, “నా పేరు బుక్కులో ఏస్తానన్నాడప్పా” అనేవాడు. ఎన్నాళ్ళకూ బుక్కు రాలేదు. మరమగ్గాలొచ్చాయి. ఇంటి మగ్గం పోయింది. నాయన ఊళ్ళోనే పరాయివాళ్ళ షెడ్డులో పని చేసి, ఆ రొదకు వినికిడి పోగొట్టుకున్నాడు. అమ్మ పోయాక కూతురి దగ్గరికి వచ్చేశాడు. బుక్కు మాట ఎత్తడం ఎప్పుడు మానేశాడో చౌడేశ్వరికి గుర్తు లేదు.

మూడున్నరకు పేజీలొచ్చాయి. కృపారాణి గబగబా చదువుతూ చివరి పేజీలోని చిన్న అక్షరాల దగ్గర ఆగింది. “మగ్గం ఆపి ఓపికగా అన్నీ చెప్పిన నేతగాడు జయరామయ్యకు కృతజ్ఞతలంట. ఈయన ఇంకా ఉండాడో లేదో. ఉంటే ఎంత బాగుండు!”

“ఉండాడు” అంది చౌడేశ్వరి. “మా నాయనే.”

కృపారాణి అప్పటికప్పుడు బయల్దేరబోయింది. “సాయంత్రమైతే నాయన అలిసిపోతాడు. పొద్దున తొమ్మిదికి రా. పొద్దునైతే బాగా మాట్లాడతాడు” అని చెప్పి, ఇంకో ప్రతి తీసుకొని చౌడేశ్వరి ఇల్లు చేరింది.

జయరామయ్య గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని ఉన్నాడు. ఆమె కాగితాలు చేతికిచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. “నాయనా! తిరుపతి సారు రాసింది! దొరికింది! దీని మీద రాసే పాప పొద్దున నీ దగ్గరికొస్తాది!”

ఆయన కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. “నా పేరు యాడుండాది?”

ఆమె వేలు పెట్టి చూపించింది. ఇంగ్లీషు రాని ఆ ముసలాయన పేరు మీద బొటనవేలు ఉంచి కదపలేదు. ఆమె ఒక్కో పేజీ తెలుగులో చెప్తుంటే పక్కింటివాళ్ళకూ వినబడింది. రెండో పేజీలో ఆయన ఒక అంకె మీద వేలు పెట్టాడు.

“ఈ నాలుగు దేనికమ్మే?”

“ఒక పడుగుకు నాలుగు చీరలు నేసేవాళ్ళంట!”

“నాలుగు కాదు, ఆరు. ఆ సారుకు ఆరనే చెప్పినాను. పెన్సిలు ఇయ్యి.”

పెన్సిలు తెచ్చిస్తే నాలుగు కొట్టేసి, పక్కన ఆరు వేశాడు. “ఆ పాపకు చెప్పు. లేకుంటే మళ్ళా తప్పు రాస్తుంది.”

ఆ సాయంత్రం జావ రెండోసారి అడిగి తాగాడు. ఒకప్పుడు పడుగు కొలిచేటప్పుడు పెట్టుకున్నట్టే పెన్సిలు చెవి మీద దోపుకొని, కాగితాలు దిండు కింద పెట్టుకొని పడుకున్నాడు.

తెల్లారి కాఫీ తీసుకెళ్ళిన చౌడేశ్వరి నాయన భుజం తట్టి పిలిచింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ఆమె గ్లాసు కింద పెట్టి, చాప పక్కనే కూర్చుండిపోయింది.

చెప్పినట్టే తొమ్మిదింటికి కృపారాణి వచ్చింది. వాకిట్లో జనాన్ని చూసి గడప దగ్గరే నిలబడిపోయింది. చౌడేశ్వరి లేచి వచ్చి నాయన దిద్దిన కాగితం చేతిలో పెట్టింది. “ఆరంట పాపా. నీకు చెప్పమన్నాడు.” కృపారాణి అక్కడే మెట్టు మీద కూర్చుని, ఏడుస్తూనే నోటుపుస్తకంలో రాసుకుంది. కింద జయరామయ్య పేరు కూడా రాసింది.

మధ్యాహ్నం నాయనను సాగనంపి అందరూ వెళ్ళాక చౌడేశ్వరి చాప చుట్టబోయింది. దిండు మీద, తల ఆనిన గుంటలో, పెన్సిలు ఉంది.