వాసెన కట్టిన జాడీ

రాష్ట్ర స్థాయి బేస్‌బాల్ పోటీల్లో అమ్మాయిల ఫైనల్ ఓడి వచ్చి పదకొండు రోజులైంది. ఈ పదకొండు రోజుల్లో నూకరత్నం చేసిన తప్పేమిటో ఆవిడకి చెప్పని మనిషి లేడు. పాలు పోసే అతను చెప్పాడు. స్టాఫ్ రూములో సైన్సు చెప్పే హైమవతిగారు చెప్పింది. సామర్లకోట స్టేషన్లో టిక్కెట్ల లైన్లో ముందున్న పెద్దమనిషి పనిగట్టుకుని వెనక్కి తిరిగి మరీ చెప్పాడు. ఆఖరి ఇన్నింగ్స్‌లో పిచ్చర్‌ని మార్చాల్సిందండి, అని. పిచ్చర్ అంటే బంతి విసిరే అమ్మాయి అని ఆయనకి నెల క్రితం తెలిసుంటే ఒట్టు.

నూకరత్నం హైస్కూల్లో ఫిజికల్ డైరెక్టరు, జిల్లా జట్టుకి కోచ్. ఉప్పాడ పక్కన చేపలవాళ్ళ పేటలో పుట్టి, ఆటలతోనే ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. నలభై అయిదేళ్ళొచ్చినా గ్రౌండ్ చుట్టూ పిల్లలతో సమానంగా పరిగెత్తుతుంది. ఓడిపోవడం ఆవిడకి కొత్త కాదు. గెలిచుంటే నోరెత్తని వాళ్ళందరూ ఓడేసరికి అన్నీ ముందే తెలిసినవాళ్ళైపోవడమే ఒళ్ళు మండిస్తోంది.

జరిగింది ఇంతే. ఫైనల్లో మనవాళ్ళు ఒక్క పరుగు ముందున్నారు. ఇంకొక్కరు అవుటైతే కప్పు మనది. బంతి లోవలక్ష్మి చేతిలో ఉంది. అంతకుముందు నాలుగు మ్యాచ్‌ల్లో ఆ పిల్ల ఇచ్చినవి మూడంటే మూడు పరుగులు. అలాంటి చెయ్యిని ఏ బుద్ధున్న కోచ్ మారుస్తాడు? నూకరత్నం మార్చలేదు. అవతలి పిల్ల కళ్ళు మూసుకుని ఊపిందో తెరుచుకుని ఊపిందో గానీ, బంతి వెళ్ళి కంచె అవతల పడింది. బేస్ మీదున్న అమ్మాయి, కొట్టిన అమ్మాయి, ఇద్దరూ చుట్టొచ్చేశారు, రెండు పరుగులు. ఒక్క పరుగు తేడాతో కప్పు పోయింది.

ఆ రాత్రి రైల్లో లోవలక్ష్మి కిటికీకి తలానించి ఏడుస్తుంటే నూకరత్నం పక్కన కూర్చుని, "మొదటి రోజు నుంచీ నీ పేరే రాశానే నేను. ఇప్పుడూ అదే రాస్తాను," అంది. ఆ మాటకే ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు ఆ రాయడమే వచ్చిపడింది. విజయవాడలో రాష్ట్ర జట్టు శిబిరం. జిల్లాకి ఒక్క పిచ్చర్. ఆదివారం సాయంత్రం అయిదులోగా పేరు పంపాలి. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న లోవలక్ష్మికి ఈ ఏడే ఆఖరి అవకాశం. వచ్చే ఏడు వయసు దాటిపోతుంది. వాళ్ళదీ నూకరత్నం పుట్టిన పేటే. వాళ్ళమ్మ పిఠాపురం సంతలో చేపలమ్ముతుంది. ఈసారి వెళ్ళకపోతే కూతుర్ని కూడా గంప పట్టించేస్తానని ఆవిడ ముందే చెప్పింది. ఆవిడ తప్పు కూడా కాదు.

ఆదివారం పదింటికి జిల్లా బేస్‌బాల్ అసోసియేషన్ గదిలో సెలక్షన్ కమిటీ నలుగురూ కూర్చున్నారు. ఛైర్మన్ గోపాలకృష్ణమూర్తి మాస్టారు. రిటైరైన లెక్కల మాస్టారు, నూకరత్నానికి పదో తరగతి చెప్పినాయన. ఆయన మనవరాలు కౌముది జట్టులో రెండో పిచ్చర్. సెక్రటరీ జానకిరామ్‌గారికి కడియంలో నర్సరీ. ఎక్కడికెళ్ళినా చేతిలో ఒక మొక్కతో వెళ్తాడు, ఎక్కడ మాట పెరిగినా మధ్యలోకొచ్చి తుంచేస్తాడు. నాలుగో ఆయన సురేష్‌బాబుగారు, బ్యాట్లూ గ్లవ్‌లూ కొనిపెట్టే దాత. కొనిపెట్టింది తను గనక ఆట కూడా తనకే తెలుసుననుకుంటాడు.

"కౌముది పేరు పంపిద్దామండి," అన్నాడు సురేష్‌బాబు, కుర్చీలో ఇంకా సర్దుకోకుండానే. "ఒత్తిడి తట్టుకోలేని పిల్లని పంపితే జిల్లా పరువు పోద్ది. నేను ఫైనల్ ముందే అన్నాను, ఈ పిల్ల ఆఖర్న చేతులెత్తేస్తుందని."

"ఎవరితో అన్నారండీ?" అంది నూకరత్నం.

"అన్నానండి. అంటే... అనుకున్నాను."

"అనుకోవడానికేముందండి. సెమీ ఫైనల్ గెలిచిన రోజు మీరే ఆ పిల్లతో ఫొటో దిగి స్టేటస్‌లో పెట్టుకున్నారు. పక్కన సింహం బొమ్మ కూడా పెట్టారు."

జానకిరామ్‌గారు దగ్గాడు. తెచ్చిన మందార మొక్కని బల్ల మీద ఈ మూల నుంచి ఆ మూలకి జరిపాడు.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూడమ్మా నూకరత్నం. కౌముది నా మనవరాలని నేను చెప్పటం లేదు. నిర్ణయం తప్పని ఫలితమే చెప్పింది కదా. నేను మొదటి రోజే వద్దన్నాను."

నూకరత్నానికి చెవులు వేడెక్కాయి. "మాస్టారూ, మీరే మాకు క్లాసులో చెప్పేవారు. నాణెం ఎగరేసేటప్పుడు బొమ్మ అన్నవాడు బొమ్మ పడిందని తెలివైనవాడూ కాదు, బొరుసు పడిందని తెలివితక్కువవాడూ కాదని. ఆ బంతి వెయ్యకముందు మనకేం తెలుసో దాన్ని బట్టి కదండీ తప్పా ఒప్పా చెప్పాల్సింది? వేశాక అందరికీ కళ్ళొస్తాయి."

"క్లాసు వేరు. ట్రయల్స్‌కి ముందే నేను చీటీలో కౌముది అని రాశాను. కావాలంటే చూసుకోండి. జాడీ అక్కడే ఉంది."

నలుగురి కళ్ళూ బీరువా మీదికెళ్ళాయి.

ఆ జాడీ సంగతి చెప్పాలి. జానకిరామ్‌గారింట్లో ఆవకాయ పెట్టగా మూత పగిలిన పాత జాడీ అది. పదేళ్ళుగా ఈ గదిలో ఒక అలవాటుంది. ఏదైనా పెద్ద విషయం తేలబోయే ముందు ఎవరి అంచనా వాళ్ళు చీటీ మీద రాసి, కింద పేరు పెట్టి, జాడీలో వేసి, గుడ్డతో వాసెన కట్టేస్తారు. ఫలితం వచ్చాక విప్పి, సరిగ్గా చెప్పినవాళ్ళకి మిగతావాళ్ళు కిలో కాజాలు తెప్పించాలి. మొన్న మున్సిపల్ ఎన్నికల కౌంటింగ్ ముందు రోజు కూడా రాశారు. ఆ వారంలోనే జట్టు ట్రయల్స్ ఉన్నాయి గనక, అదే చీటీ మీద రెండో లైనుగా, మొదటి పిచ్చర్‌గా ఎవరుండాలో కూడా రాయమన్నాడు జానకిరామ్‌గారు.

కౌంటింగులో మున్సిపాలిటీ పాత చైర్మన్ వర్గం చిత్తుగా ఓడింది. ముప్ఫై వార్డుల్లో తొమ్మిదే వచ్చాయి. మర్నాడు నలుగురూ ఈ గదిలోనే చేరి, గాలి మారిందని నేను ముందే పసిగట్టానంటే నేను పసిగట్టానన్నారు. అందరూ గెలిచేశాక ఇంక విప్పడమెందుకన్నాడు జానకిరామ్‌గారు. కాజాలు ఆయనే తెప్పించి అందరికీ పంచాడు. జాడీకి కట్టిన గుడ్డ కట్టినట్టే ఉండిపోయింది. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ రోజు నూకరత్నం కూడా రెండు తింది.

"విప్పుదాం," అంది ఆవిడ లేచి.

"ఇప్పుడెందుకండీ అవన్నీ," అన్నాడు జానకిరామ్‌గారు కంగారుగా. "అందులో ఎలక్షన్‌వి కూడా ఉన్నాయి. మళ్ళీ ఆ గొడవ..."

"ఉండనివ్వండి. ఒక పిల్ల బతుకు ఈ పూట తేలిపోతుంటే మనం కాజాల పరువు చూసుకుంటామా? పదకొండు రోజులుగా వింటున్నానండి, ముందే చెప్పాం, ముందే చెప్పామని. ఒక్కసారి ముందు చెప్పిందేంటో చూద్దాం."

స్టూలెక్కి తనే దింపింది. గుడ్డ మీద దుమ్ము, లోపల ఇంకా పోని ఆవకాయ వాసన. చేయి పెట్టి తీస్తే ముందు సురేష్‌బాబు చీటీ వచ్చింది. పైకి చదివింది. పాత చైర్మన్‌కి ఇరవై నాలుగు వార్డులు. మొదటి పిచ్చర్ లోవలక్ష్మి. సురేష్‌బాబు సెల్‌ఫోన్ తీసి ఏదో వెతుక్కోవడం మొదలెట్టాడు. జానకిరామ్‌గారి చీటీలో పాత చైర్మన్‌కి ఇరవై, పిచ్చర్ దగ్గర "అందరూ ఎలా అంటే అలా" అని ఉంది. ఆయన మొక్క వైపు చూస్తూ ఉండిపోయాడు.

మూడోది మాస్టారిది. గుండ్రటి అక్షరాలు, బోర్డు మీద రాసినట్టే. నూకరత్నం చదవబోయి ఆగి, చీటీ ఆయన చేతికే ఇచ్చింది. చిన్నప్పుడు చదువు చెప్పినాయన్ని అంతకంటే ఏం చెయ్యగలదు? మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. మళ్ళీ తీసి తుడిచి, పెట్టుకుని చూశారు.

"పాత చైర్మన్‌కి ఇరవై రెండు," అన్నారు నెమ్మదిగా. తర్వాతి లైను చదవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. "లోవలక్ష్మి. బంతి మీద అదుపుంది. కౌముదికి ఇంకో ఏడాది పడుతుంది."

"ఇది నేనే రాశానా," అన్నారాయన, ఎవరినీ అడగనట్టు. "కౌముది అని రాసినట్టే గుర్తండి నాకు. ఒట్టేసి చెప్పేవాణ్ణి."

అబద్ధమాడటం లేదని నూకరత్నానికి తెలుస్తూనే ఉంది. అందుకే ఇంకా కోపమొచ్చింది. అబద్ధమైతే నిలదీయొచ్చు. సొంత మనవరాల్ని పక్కన పెట్టి మరీ నిజం రాసిన మనిషి, ఒక్క బంతి కంచె దాటేసరికి ఆ నిజాన్ని తనే మర్చిపోతే, ఎవరి మీద అరవాలి? ఇంత మంచి చూపుని ఎంత చవగ్గా వదిలేసుకున్నారు మాస్టారూ, అని అడగాలనిపించింది.

అడగడానికి నోరు తెరుస్తూనే జాడీలోంచి నాలుగో చీటీ తీసింది. తనది. మొదటి లైను చూడగానే నవ్వొచ్చింది, పాత చైర్మన్‌కి పంతొమ్మిది. రెండో లైనులో కౌముది అని ఉంది.

చేతి రాత తనదే. కింద పేరు తనదే. నూకరత్నానికి అప్పుడు ఆ చీటీ రాసిన మధ్యాహ్నం మొత్తం గుర్తొచ్చింది. పెన్ను పట్టుకుని ముందు "లో" అని రాసి, కొట్టేసింది. ఆ కొట్టివేత కూడా అక్కడే ఉంది. తన పేట పిల్లనే రాసిందంటారని. ట్రయల్స్ కాకముందే ఆవిడ తనవాళ్ళని పైకెత్తుతోందంటారని. మూడు రోజుల తర్వాత ట్రయల్స్‌లో ఆ పిల్ల చెయ్యి చూసి అందరూ ఒప్పుకున్నాకే, తను ధైర్యంగా లోవలక్ష్మి అంది. ఆ తర్వాత ఈ చీటీని బుర్రలోంచి ఎంత శుభ్రంగా తుడిచేసిందంటే, రైల్లో ఆ పిల్లకి చెప్పేటప్పుడు గొంతు కూడా తడబడలేదు.

చీటీ చాలా చిన్నది. గుప్పిట్లో పట్టేస్తుంది. నాదీ లోవలక్ష్మే అంటే ఈ గదిలో ఎవరూ చూపించమని అడగరు. ముగ్గురూ తలొంచుకునే ఉన్నారు.

"నాదండి," అంది నూకరత్నం. "పాత చైర్మన్‌కి పంతొమ్మిది. పిచ్చర్ కౌముది."

మాస్టారు తలెత్తి చూశారు. చీటీని ఆయన ముందు బల్ల మీద పెట్టింది. కొట్టివేత ఆయనకి కనపడింది. దాని గురించి ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

"ఆ రోజు కాజాలు తిన్నాం కదండీ," అన్నాడు జానకిరామ్‌గారు దిగులుగా.

"తిన్నాం," అన్నారు మాస్టారు. కాగితం దగ్గరికి లాక్కుని, గుండ్రటి అక్షరాలతో లోవలక్ష్మి అని రాసి, సంతకం పెట్టి సురేష్‌బాబు వైపు తోశారు. అతను ఫోన్లోంచి తలెత్తకుండానే సంతకం పెట్టాడు. "ఇంట్లో మా కోడలికి నేను చెప్పుకుంటాను," అన్నారాయన లేస్తూ.

బయటికొచ్చి నూకరత్నం ఫోన్ చేసింది. రెండు రింగులకే ఎత్తింది లోవలక్ష్మి. వెనకాల సంతలో అరుపులు వినిపిస్తున్నాయి.

"నీ పేరు పంపించాం. రేపు పొద్దున్నే సామర్లకోట స్టేషన్‌కి వచ్చెయ్."

"నాకు తెలుసు మేడమ్. మీరు మొదట్నుంచీ నా పేరే రాశారు కదండీ," అంది.

ఆఁ అనేసి ఫోన్ పెట్టెయ్యొచ్చు. ఆ పిల్లకి జాడీ సంగతి ఎప్పటికీ తెలియదు.

"లేదమ్మా. మొదట రాయలేదు. రైల్లో నీకు తప్పు చెప్పాను. ట్రయల్స్‌కి ముందు చీటీలో నీ పేరు సగం రాసి కొట్టేశాను. మా పేట పిల్లని రాశానంటారని భయపడ్డాను."

సంతలో ఎవరో బేరమాడుతున్నారు.

"నాకు కోపమొస్తోందండీ," అంది లోవలక్ష్మి. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని పిల్ల, సంత గోలని మించి అంది.

"రావాలి," అంది నూకరత్నం. "బండి అయిదున్నరకి. గ్లవ్ మర్చిపోకు."