మద్దెల మీది మెతుకులు

ఖమ్నోయ్‌కి పంది కూర నచ్చకపోతే నాట్యం కూడా నచ్చదు. నొంతబురిలో ఏళ్ళ తరబడి కూరల కొట్టు నడుపుతున్న మనిషి కాబట్టి ఆమె తీర్పులన్నీ నాలుక మీదే మొదలవుతాయి. ఈసారి కొట్టుకు తాళం వేసి, తన దగ్గరే ఉంటున్న చెల్లెలు ఫోంచన్‌ని వెంటబెట్టుకుని సెలవులకు చియాంగ్‌మై వచ్చింది. దిగిన సాయంత్రమే భోజనంతో పాటు నాట్యం కూడా చూపించే, ఊళ్ళోకెల్లా పెద్ద విందుశాలలో చాప మీద కూర్చుని, గుండ్రటి ఖంతోక్ పళ్ళెంలోంచి ఒక ముక్క నోట్లో వేసుకుని పెదవి విరిచింది.

"ఇది హంగ్‌లే పంది కూరా, పాయసమా? చక్కెర డబ్బా బోర్లించినట్టున్నారు. ఏమే చన్, నీకెలా ఉంది?"

"బాగానే ఉంది," అంది ఫోంచన్.

"ఆట?"

"అదీ బాగానే ఉంది."

"మద్దెల?"

"బాగానే వాయిస్తున్నాడు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని ఖమ్నోయ్ గొణుక్కుని, చెల్లెలి ముందున్న పంది తోలు వేపుడు కూడా తన వైపు లాక్కుంది.

ఫోంచన్ వయసంతా లంపాంగ్‌లో ఇలాంటి శాలలోనే గడిచింది. ఇత్తడి గోళ్ళు తొడుక్కుని, దీపాల వెలుగులో చేతులు తిప్పుతూ ఆడింది. ఆ గోళ్ళు బిగించుకున్నాక వేళ్ళ చివర నిప్పు తగిలినా చురుక్కుమనదు. కిందటి వానాకాలంలో మొగుడు ఇన్‌కేవ్ పోయినప్పటి నుంచి ఆమెకు ఒళ్ళంతా ఆ ఇత్తడి తొడుగు వేసినట్టే ఉంది. ఏడవలేదు. కొందరు గుండె నిబ్బరం అన్నారు, కొందరు రాతి గుండె అన్నారు. ఎవరేమన్నా చావింటి భోజనం మాత్రం అందరూ కడుపునిండా తినే వెళ్ళారు.

ఇన్‌కేవ్ ఆ శాలలోనే మద్దెలకాడు. వాళ్ళలో మద్దెల అంటే గురువు. దాన్ని దాటకూడదు, నేల మీద పెట్టకూడదు. వాయించే చెయ్యి పోతే, మళ్ళీ వచ్చే గురుపూజలోపు ఇంకో చేతికి అప్పగించాలి. మూగబెట్టి ఉంచితే గురువుకు అన్నం పెట్టకుండా పస్తుంచినట్టే. గురుపూజ దగ్గర పడింది. ఎవరి పేరు చెప్పినా ఫోంచన్ అవునూ అనదు, కాదూ అనదు. విసిగిపోయి ఖమ్నోయ్ ఈ సెలవుల ఉపాయం పన్నింది. విందుకు విందు, వెతుకులాటకు వెతుకులాట. రైల్లో పై బెర్తు మద్దెలకిచ్చి, కింది బెర్తులో అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి పాదాలు ఒకరి ముఖం దగ్గర పెట్టుకుని వచ్చారు. మద్దెల సంచి మాత్రం ఫోంచన్ ఎవరినీ విప్పనివ్వలేదు. ఇచ్చేటప్పుడు చూద్దాంలే అంది.

రెండో శాల పింగ్ నది ఒడ్డున ఉంది. అక్కడి కూర అమోఘం. ఖమ్నోయ్ వేళ్ళు నాకుతూ మెచ్చుకుంటుండగా పాట మధ్యలో టక్కున ఆగి, మళ్ళీ మొదటి నుంచి వచ్చింది. ఆడేవాళ్ళ చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి. చూస్తే వాద్యం అంతా స్పీకర్లలోంచే వస్తోంది. మూలనున్న మద్దెల మీద ఆర్కిడ్ కుండీ పెట్టారు.

"గురువు నెత్తిన పూలకుండీ పెట్టారే. వీళ్ళ చేతులు పడిపోను," అంది ఖమ్నోయ్. "నీకు ఒళ్ళు మండట్లేదా?"

మండాలని ఫోంచన్‌కీ తెలుసు. ఎంత తడుముకున్నా లోపల మంట లేదు. నీళ్ళు తాగి, "పోదామా అక్కా," అంది.

మూడో శాల పాత గుడి వెనక చెక్క ఇల్లు. కూరలో ఉప్పెక్కువ. నాట్యానికి ముందు మద్దెలకాడు పళ్ళేల మధ్యకు వచ్చి, వంగి వంగి నడుస్తూ వీళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నడివయసు మనిషి. ఒకప్పుడు భిక్షువుగా ఉండి బయటికొచ్చినవాడు కాబట్టి పేరు ముందు నాన్ చేర్చి అందరూ నాన్ పన్ అంటారు.

"అక్కా, మీ అన్నం బుట్టలోంచి ఒక ముద్ద పెడతారా? మద్దెలకి."

ఉడికిన జిగురన్నంలో బూడిద కలిపి, మెత్తగా పిసికి మద్దెల ముఖానికి మెత్తితే గాని శ్రుతి కుదరదు. దిగిన సాయంత్రం చూసిన పెద్ద శాలలో దీనికి బదులు డబ్బాలో దొరికే నల్ల ముద్ద వాడారు. ఆ సంగతి ఫోంచన్ అక్కడే చూసింది, చూసి ఊరుకుంది. ఇప్పుడు ఆమె చెయ్యి దానంతటదే బుట్టలోకి వెళ్ళి ముద్ద తీసింది.

"బూడిద జల్లించావా?" అని అడిగింది.

"వస్త్రగాళితం పట్టానక్కా."

ఊరొచ్చాక చెల్లెలు మద్దెల గురించి తనంతట తాను అడిగిన ప్రశ్న అదొక్కటే. ఖమ్నోయ్‌కి అంతకు మించి సాక్ష్యం అక్కర్లేదు. కూరలో ఉప్పెక్కువైన సంగతి కూడా మరిచిపోయి, ఆట ముగియగానే నాన్ పన్‌ని పట్టుకుని కథంతా చెప్పింది. అతను చేతులు తుడుచుకుంటూ విని, రేపు పొద్దున వచ్చి చూస్తానన్నాడు.

"చివరిసారి వాయించాక ముద్ద గీకేశారు కదా?" అని మాత్రం అడిగాడు.

"భలే అడిగావయ్యా. అది మద్దెలకాడి పెళ్ళాం," అంది ఖమ్నోయ్. ఫోంచన్ అప్పటికే చెప్పుల కోసం వెతుక్కుంటోంది.

పొద్దున సత్రం వసారాలో అరటాకు పొట్లాల్లో అన్నం, వేయించిన మాంసం తెచ్చుకుని కూర్చున్నారు. ఫోంచన్ ఇంకా పొట్లం విప్పలేదు. నాన్ పన్ వచ్చి మద్దెలను బల్ల మీద పెట్టి, చేతులు జోడించి మొక్కి, సంచి విప్పాడు.

ముద్ద అలాగే ఉంది. ఎండిన చెరువు మట్టిలా బీటలు వారింది. దాని చుట్టూ తోలు ముడతలు పడింది. ఒక అంచున చీమలు తిన్నాయి.

"ఏమిటే ఇది?" ఖమ్నోయ్ గొంతు తగ్గింది. "పసిపిల్లలకి కూడా తెలుసు కదే. ఆట కాగానే గీకి తుడవాలని."

"తెలుసు," అంది ఫోంచన్. "అతను పోయిన సాయంత్రం నేనింకా ముద్ద నోట్లో పెట్టుకోలేదు. వచ్చి మద్దెలకని నా పళ్ళెంలోంచి అన్నం తీశాడు. ఎప్పుడూ అంతే, ఊళ్ళో ఇంకెక్కడా అన్నం లేనట్టు. ముందు నన్ను తిననిస్తావా లేదా అని కసిరాను. ఆట చివర్లో మద్దెల మీదే ఒరిగిపోయాడు. అదే నేను అతనితో అన్న ఆఖరి మాట."

ఆమె సంచి తాడు వేలికి చుట్టుకుంది.

"దహనం అయ్యాక సంచి విప్పి చూశాను. అతని వేలి గుర్తులు ఉన్నాయి. మళ్ళీ కట్టేశాను."

నాన్ పన్ తోలును వేలితో మెల్లగా నొక్కి చూశాడు. "ఇంకా బతికే ఉందక్కా. కానీ ఇలాగే ఉంటే ఈ వానలకి చస్తుంది. ముద్ద దాచుకుంటానంటే దాచుకోండి, తప్పు లేదు. అప్పుడు మద్దెల నేను తీసుకోను. రెండూ నిలవవు." అతను మెట్టు మీద కూర్చుని కాఫీ చప్పరిస్తూ రోడ్డు వైపు చూడసాగాడు. తొందరేమీ లేనట్టే కూర్చున్నాడు.

ఖమ్నోయ్ ఏదో అనబోయి మానుకుంది. ఆమె జీవితంలో అలాంటి సందర్భాలు తక్కువ.

చివరికి ఫోంచన్ లేచి వెళ్ళి గోరువెచ్చని నీళ్ళూ గుడ్డా తెచ్చుకుంది. గుడ్డ తడిపి ముద్ద మీద పరిచింది. ఎండిపోయిన అన్నం చాలాసేపు లొంగలేదు. తర్వాత అంచులు మెత్తబడ్డాయి. మొదట వేలి గుర్తులు పోయాయి. ఆమె చూస్తూనే తుడిచింది. తడి బూడిద వాసన, పులిసిన మెతుకు వాసన ముక్కుకు తగిలాయి. జిగురు వేళ్ళ చివర్లకు అంటుకుని లాగింది. అన్నీ తెలుస్తున్నాయి. ఊడి వచ్చిన ముద్దను అరటాకు ముక్కలో పెట్టి, వసారా చివర ఉన్న దేవతల గూట్లో ఉంచి వచ్చింది.

నాన్ పన్ లేచి వచ్చి తోలు తుడిచి, ఆరనిచ్చి, అరచేత్తో తట్టాడు. చప్పుడు బోలుగా వచ్చింది. తల ఆడించి, జేబులోంచి బూడిద పొట్లం తీశాడు. అతని చూపు బల్ల మీద విప్పకుండా ఉన్న అరటాకు పొట్లం మీద నిలిచింది.

"అక్కా, ఒక ముద్ద."

"ముందు నన్ను తిననిస్తావా లేదా," అంది ఫోంచన్.

అన్నాకే ఆ మాట చెవిన పడింది. ఆమె పొట్లం విప్పి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. అది నములుతుండగానే కళ్ళల్లోంచి, ముక్కులోంచి, ఎక్కడెక్కడి నుంచో నీళ్ళు వచ్చాయి. ఖమ్నోయ్ వచ్చి వీపు మీద చెయ్యి వేసింది. ఫోంచన్ ఏడుస్తూనే ఇంకో ముద్ద తుంచి, వేళ్ళతో మెత్తగా పిసికి, నాన్ పన్ అరచేతిలో పెట్టింది.