నేను పొడిచిన చెయ్యి

బస్సు డిపో ఫోర్‌మన్ పొద్దున్నే ల్యాబ్ తలుపు తోసుకుని వచ్చి, రక్తం తీసే ఆవిడ ముందు రిపోర్టు విసిరికొట్టాడు.

"ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్యరా మీరు? నా గుండె నాళాలు పూడుకుపోతున్నట్టు రక్తంలో గుర్తులున్నాయట! గుండ్రాయిలా ఉన్న నన్ను డ్యూటీలోంచి దింపేశారు!"

పెద్ద పొట్ట, షుగరు, బీపీ కలిసి ఉన్నవాళ్ళకు డిపో పెట్టించిన పరీక్ష అది. ఆవిడ కాగితం మీద పేరు ఒక్కటే చూసింది. పదిహేనేళ్ళుగా సూది పట్టిన మనిషికి మొహాలు గుర్తుండవు, నరాలే గుర్తుంటాయి. పోయిన వారం ఈ పేరు చెప్పి చాచిన చేతిలో నరం తాడులా పైకి తేలి, ఒక్క పోటుకే దొరికింది. ఇప్పుడు బల్ల గుద్దుతున్న చెయ్యి దూదిపరుపులా ఉంది. గంటసేపు తడిమినా నరం తగలదు.

"నేను పొడిచింది ఈ చేతిని కాదు. మీ బదులు ఎవర్ని పంపారు?"

ఫోర్‌మన్ బల్ల మీది చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వెనక బెంచీ మీద అతని హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న బావమరిది లేచి నిలబడ్డాడు. బక్కపల్చటి మనిషి. మోచేతి మడతలో సూది మచ్చ ఇంకా కమిలే ఉంది.

"బావా, అరగంట పని, నీకేం పోతుంది అన్నావు కదా..."

"నోర్మూసుకుని పద!" అంటూ ఫోర్‌మన్ రిపోర్టు చింపబోయాడు.

ఆవిడ అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"చింపకండి. అది మీది కాదు, ఆయనది."