సున్నపు గీతకు ఇవతల

అన్నం ఉడుకు పట్టింది. కిష్టమ్మ పొయ్యిలోంచి రెండు కట్టెలు వెనక్కి లాగి, గిన్నె మూత సగం జరిపి, చేతులు కడుక్కోవడానికి లేచింది. పొద్దుటి నుంచి ఇది ఆరోసారి. సబ్బు రుద్దుకుంటూ, పెదవులు కదుపుతూ ఇరవై దాకా లెక్కపెట్టింది. వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు చుట్టూ, ఏదీ వదల్లేదు. సబ్బుకు వేలి కణుపులు పగిలాయి. పగుళ్లలో నీళ్లు పడ్డప్పుడల్లా చురుక్కుమంటుంది. ఆ మంట ఆమెకు బాధగా తోచదు. పని సరిగ్గా అయిందనడానికి గుర్తు అనుకుంటుంది.

బల్మూర్ మండలంలోని ఆ ఊరి బడి కరోనాతో మార్చిలో మూతపడింది. పదిహేనేళ్లుగా అక్కడ పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండిపెట్టిన కిష్టమ్మకు రెండు నెలలు పని లేకపోయింది. మే నెలలో బొంబాయి నుంచి కూలివాళ్లు లారీలెక్కి, లారీ దొరకని చోట నడిచి, ఊళ్లకు రావడం మొదలైంది. ఈ ఊరివాళ్లు పదకొండుమంది వచ్చారు. ఊరి మొదట్లోనే ముళ్లకంప అడ్డం వేసి వాళ్లను నిలిపేశారు. చివరకు సర్పంచు రామచంద్రయ్య బడి తాళం తీయించి, పద్నాలుగు రోజులు లోపలే ఉండాలన్నాడు. వాళ్లకు వండిపెట్టడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. కిష్టమ్మ వచ్చింది.

తమ్ముడి కోసం వచ్చిందన్నారు ఊళ్లో. ఆ పదకొండుమందిలో ఆమె తమ్ముడు ఇస్రాయేలు ఉన్న మాట నిజమే. ఆమె పుట్టినప్పుడు ఆ ఇంట్లో ఒక దేవుడు, పదేళ్ల తర్వాత తమ్ముడు పుట్టేసరికి ఇంకో దేవుడు. పేర్లు అట్లా వేరయ్యాయి. కానీ తమ్ముడు లేకపోయినా ఆమె వచ్చేదే.

మండలం నుంచి వచ్చిన నర్సు వసంత, వరండా మెట్లకు ఆరడుగుల ఇవతల సున్నంతో గీత గీయించింది.

"వాళ్లు ఇటు రావొద్దు, నువ్వు అటు పోవద్దు కిష్టమ్మా. ఒక్కరికి అంటుకున్నా ఊరంత పరేషాన్ అయితది" అంది.

కిష్టమ్మ తల ఊపింది. మూడు రోజులుగా ఆమె కాలి బొటనవేలు కూడా ఆ గీతను తాకలేదు. విస్తళ్లలో అన్నం, పప్పు పెట్టి, గీత మీదున్న బల్ల మీద వరసగా పేర్చి, పది అడుగులు వెనక్కి వచ్చి గంటెతో మూత వాయిస్తుంది. వాళ్లు ఒక్కొక్కరే వచ్చి తీసుకుంటారు. చేతులు కడుక్కోకుండా వచ్చినవాణ్ణి పేరు పెట్టి పిలిచి వెనక్కి పంపుతుంది. రెండు మాస్కులిస్తే రోజుకొకటి ఉప్పునీళ్లలో ఉడకబెట్టి ఆరేస్తుంది.

ఊరివాళ్లు ఆమెను కూడా దూరం పెట్టారు. బోరు దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్లు తమ బిందెలు ఎత్తుకుపోయేవారు. దుకాణంలో ఉప్పు ప్యాకెట్టు చేతికివ్వకుండా విసిరేవారు. ఆమెకు కోపం రాలేదు. కానీ అదే మనుషులు సాయంత్రం రచ్చకట్ట మీద భుజాలు రాసుకుంటూ కూర్చుని ఒకే బీడీ తాగుతుంటే చూసి, లోలోపల ఉడికిపోయేది. భయపడుతున్నారు గానీ, చెప్పింది వింటున్నవాళ్లెవరు?

తెలిసినవాళ్లు చెప్పింది వినడం కిష్టమ్మకు ప్రాణంతో సమానం. దానికి కారణం ఉంది.

ముప్పై మూడేళ్ల కిందట ఆమె, భర్త కలిసి మేస్త్రీ వెంట పూనా వైపు కాలువ పనికి పోయారు. ఇద్దరు పిల్లలు. పెద్దదానికి మూడేళ్లు, చిన్నోడికి ఏడాది. వాళ్లను చూసుకోవడానికి పన్నెండేళ్ల తమ్ముణ్ణి కూడా తీసుకుపోయారు. తాటాకు గుడిసెల్లో కాపురం. ఒక వానకాలం వాంతులు, విరేచనాలు పట్టుకుని ఎనిమిది రోజుల తేడాలో పిల్లలిద్దరూ పోయారు. మేస్త్రీ నిమ్మకాయ తెచ్చి గుడిసె గుమ్మానికి కట్టాడు. ఎవరో దిష్టి అన్నారు, ఎవరో ఆ చోటు మంచిది కాదన్నారు. భర్త ఆ తర్వాత వేరే పనికి పోయి తిరిగి రాలేదు. ఆమె ఒక్కతే ఊరికి వచ్చింది. పిల్లలు ఎందుకు పోయారో తెలియకుండానే పద్దెనిమిదేళ్లు బతికింది.

బడిలో వంటపనికి కుదిరిన మొదటి ఏడాది దవాఖాన నుంచి ఒక సిస్టర్ వచ్చి వంటవాళ్లను కూర్చోబెట్టి చెప్పింది. వానకాలం నీళ్లు కాగబెట్టి చల్లార్చి ఇస్తే పిల్లలకు విరేచనాలు రావని, వచ్చినా ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగిస్తే బతుకుతారని. కిష్టమ్మ చాలాసేపు ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయి, "గంతేనా సిస్టర్?" అని అడిగింది. "గంతే" అంది ఆమె. ఆ రోజు కిష్టమ్మ వంటగది వెనక కూర్చుని ఏడ్చిన ఏడుపు పిల్లలు పోయినప్పుడు కూడా ఏడవలేదు. అప్పటి నుంచి తెలిసినవాళ్లు ఏది చెప్పినా ఆమె మారుమాట లేకుండా పాటిస్తుంది.

మధ్యాహ్నం అందరూ విస్తళ్లు తీసుకుని లోపలికి పోయారు. ఇస్రాయేలు మాత్రం మెట్టు మీద కూర్చున్నాడు. నలభై అయిదేళ్లకే జుట్టంతా నెరిసింది. సిమెంటు పనికి అరచేతులు తెల్లగా పొరలు లేచాయి. నడిచి నడిచి మడమలు పుండ్లయ్యాయి. విస్తరిలో అన్నం కలిపాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"ఎందుకు తింటలేవు తమ్మి?" అని కిష్టమ్మ ఇవతలి నుంచి అడిగింది.

"తినబుద్ధి అయితలేదక్కా. పొద్దుగాల నుంచి రొమ్ము పట్టేసినట్టుంది. మూటలు మోసిన నొప్పులేమో."

"జ్వరమున్నదా?"

"లేదు. సిస్టర్ చూసింది గద."

అన్నం మెతుకులు వేళ్లతో అటూ ఇటూ జరిపాడు.

"అక్కా, ఒక మాట చెప్త. కోపం జేయకు."

"ఏంది?"

"ఆ నీళ్లు తెచ్చింది నేనే గద."

ఏ నీళ్లని ఆమె అడగలేదు. ముప్పై మూడేళ్లలో వాళ్లిద్దరూ ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

"పైన ఊట చెలిమెల ముంచుకొని రమ్మన్నరు. దూరమని నేను కింద గుంతల ముంచిన. మూడు దినాలు గట్లనే తెచ్చిన. చిన్నోడు అడిగితే నా చేతులతోటి తాపిన. నీకు చెప్పలే. చెప్తే కొడ్తవని కాదు, నన్ను జూడవని."

తమ్ముడు పెళ్లి ఎందుకు చేసుకోలేదో, పండక్కి వచ్చినా రెండు రోజుల కంటే ఎందుకు ఉండేవాడు కాదో, ఏ ఇంట్లోనూ చిన్నపిల్లల్ని ఎందుకు ఎత్తుకునేవాడు కాదో ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది.

"పన్నెండేండ్ల పోరనివి, నీకేం తెల్సురా?" అంది. "పైన నీళ్లు గూడ గవే నీళ్లు. కాగబెట్టాలె. మనకెవరు చెప్పిన్రు? నాకే తెల్వదు, నీకేం తెలుస్తది?"

ఆమె లేచి గీత దాకా నడిచింది. వాడి తల మీద చెయ్యి పెట్టాలనిపించింది. గీత ముందు ఆగిపోయింది.

"పదకొండు దినాలు ఓపిక పట్టు తమ్మి. అయినంక ఇంటికి పోదాం. నీ పక్కనే కూసుంట."

"పదకొండే గద" అని ఇస్రాయేలు కొంచెం నవ్వాడు.

ఆమె గిన్నెలు తోముతుండగా లోపలి నుంచి స్టీఫెన్ కేక వినిపించింది. బొంబాయిలో ఇస్రాయేలుతో ఒకే గదిలో ఉన్న కుర్ర మేస్త్రీ అతను. కిష్టమ్మ బూడిద చేతులతోనే పరుగెత్తింది. ఇస్రాయేలు వరండా దిగి వచ్చి గీతకు అవతల నేల మీద కూలబడ్డాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుంది. పెదవులు తెల్లబడ్డాయి. స్టీఫెన్ వెనక నుంచి పట్టుకున్నాడు. ఎవరో వసంతకు ఫోన్ చేశారు. అంబులెన్సు వేరే ఊరికి పోయిందట, గంట పడుతుందట.

"అక్కా, జర చెయ్యియ్యి" అన్నాడు ఇస్రాయేలు.

కిష్టమ్మ గీత ముందు కూర్చుంది. ఇద్దరి మధ్య రెండు మూరల దూరం.

"బండి వస్తది తమ్మి. నన్ను జూడు. నా దిక్కు జూడు."

"చెయ్యియ్యక్కా."

ఆమె రెండు చేతులూ తన ఒళ్లో పెట్టుకుని, ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుంది. ఊరు, ఊళ్లోని పిల్లలు, తన చేత్తో అన్నం తినే మిగతా పదిమంది ఆమె కళ్ల ముందు మెదిలారు. ఒకసారి తెలియక ఇద్దరిని పోగొట్టుకుంది. ఇప్పుడు తెలుసు. తెలిసీ ఎట్లా ముట్టుకోవాలి? వాడి చెయ్యి కొంతసేపు గాలిలో ఉండి, మెల్లగా నేల మీదికి వాలింది. ఆ గంటసేపూ ఆమె వాడితో మాట్లాడుతూనే ఉంది. చిన్నప్పుడు చంకనేసుకుని శెనగచేనుకు తీసుకుపోయిన సంగతులు చెప్పింది. వాడు విన్నాడో లేదో తెలియదు. తెల్లటి బట్టలు నిండా తొడుక్కున్న ఇద్దరు వచ్చి వాణ్ణి ఎత్తుకుపోయారు.

పొద్దు వాలేవేళ సర్పంచుకు ఫోన్ వచ్చింది. దారిలోనే పోయాడు. అప్పటి పద్ధతి ప్రకారం ఇంటివాళ్లను రానివ్వకుండా దవాఖానవాళ్లే పూడ్చారు. ఆ సాయంత్రం కూడా కిష్టమ్మ వంట చేసింది. లోపల పదిమంది ఆకలితో ఉన్నారు.

ఆ తర్వాత నాలుగో రోజు అందరి పరీక్షల రిపోర్టులు వచ్చాయి. స్టీఫెన్‌కూ, ఇంకో ఆమెకూ ఉందని తేలింది. వాళ్లిద్దరినీ తీసుకుపోయారు. ఊళ్లో ఎవరికీ రాలేదు. వసంత గీతకు ఇవతల నిలబడి, "నువ్వు దాటలే గాబట్టే ఊరు బతికింది కిష్టమ్మా" అంది.

"మా తమ్మునికి?"

వసంత చేతిలోని కాగితాలు మడిచింది. "లేదు. ఆయనది గుండెనొప్పి."

"గట్లయితే పట్టుకోవచ్చునుండె గద సిస్టర్?"

"అప్పుడు మనకు తెల్వదు గద కిష్టమ్మా."

కిష్టమ్మ తల ఊపింది. వంటగది వైపు నాలుగడుగులు వేసి, ఆగి, బడి వైపు చూసింది. మందు కొట్టేవాళ్లు వచ్చేదాకా బండిలో తీసుకుపోయినవాళ్ల వస్తువులేవీ ఎవరూ తాకకూడదని చెప్పారు. రెండో గది కిటికీ చువ్వకు, చనిపోయిన రోజు పొద్దున ఇస్రాయేలు ఉతికి ఆరేసుకున్న గళ్ల తువ్వాలు అట్లాగే ఉంది. ఎండకు గట్టిపడి, గాలికి ఎగిరిపోకుండా వాడు వేసిన ముడి విప్పకుండా.