అరికాలి చుక్క

బద్వేలు దగ్గర ఒక చర్చిలో ఉన్న మరియమ్మ పటం నూట యాభై ఏళ్ల కిందటిది. పాత బొమ్మలు శుభ్రం చేయడం నా పని. మసిబారిన ఆ పటాన్ని పండగలోపు బాగుచేయమని గుడిపెద్ద లాజరు పిలిపించాడు. తన కోడలు స్తుతి దాని మీద కాటుక పూసి పాడుచేసిందట. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ పీఠానికి పూలు కట్టే పని ఆమెదే, ఈసారి వద్దన్నారట. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లుగా కొవ్వొత్తుల పొగ పట్టించినవాళ్లకు వేలెడు కాటుక నేరమైపోయింది.

స్తుతి ఏమీ దాచలేదు. పోయినేడు ఆమె తొలిచూలు బిడ్డ జ్వరమొచ్చి పోయాడు. ఆ రోజు దిష్టి చుక్క పెట్టలేదని చుట్టాలంతా ఆమెనే సాధించారు.

“అంతమంది సూస్తాంటారు కదక్కా పటంలో ఆ బిడ్డను. ముకాన పెడితే తిడతారని అరికాల్లో పెట్టినా,” అంది.

ఆ పటం నన్ను మొదటి నుంచీ తికమక పెడుతూనే ఉంది. ఆ కాలపు దొరలు మరియమ్మను గీస్తే ఇటలీ పాత బొమ్మలనే ఒరవడిగా పెట్టుకునేవారు. ఎర్ర గౌను, నీలం ముసుగు, ఒళ్లో బిడ్డ. దీన్ని గీసిన దొర రంగులన్నీ అలాగే వేసి, బిడ్డను మాత్రం మనవాళ్లలాగా చంకనెక్కించాడు. ఎవరో ఇక్కడి తల్లిని ఎదురుగా నిలబెట్టుకునే గీశాడని నా అనుమానం.

దూదితో తుడిస్తే స్తుతి కాటుక వచ్చేసింది. దాని కింది పొగ, వార్నిష్ మెల్లగా కరిగించాను. బిడ్డ అరికాలు తేటగా బయటపడింది. నడుమ ఇంకో నల్లచుక్క ఉంది. భూతద్దం పెట్టి చూస్తే అది కుంచెతో పెట్టిన రంగు. వార్నిష్ కింద ఉందంటే గీసినవాడే పెట్టాడు. చుక్క పెట్టకుండా బిడ్డను పరాయివాడి ముందుకు ఏ తల్లి తెస్తుంది? ఆయన చూసింది చూసినట్టు దించేశాడు.

మామాకోడళ్లిద్దరినీ పిలిచి చూపించి, ఆ రోజు ఎదురుగా నిలబడిన తల్లి తన బిడ్డకు పెట్టిన చుక్కే ఇదని చెప్పాను. పండక్కి పూలు ఎవరు కడతారని లాజరును కాస్త గట్టిగానే అడిగాను. ఆయన చాలాసేపు వంగి చూశాడు. ఎప్పటిలాగే కట్టమని కోడలితో మెల్లగా చెప్పాడు.

స్తుతికి ఆ మాట చెవికెక్కలేదు. ఆ చుక్కనే చూస్తోంది.

“ఆయమ్మ చుక్క పెట్టింది గదా. ఆ బిడ్డ బతికినాడా అక్కా?”

బతికి పెద్దవాడై ఉంటాడని అనబోయి ఆగిపోయాను. అలా అంటే, చుక్క పెట్టకపోబట్టే తన బిడ్డ పోయాడని నేనూ ఒప్పుకున్నట్టే.

“తెలీదు స్తుతీ. నీ బిడ్డ మాత్రం జ్వరంతోనే పోయినాడు,” అన్నాను.

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. అప్పటిదాకా ఆ మాట ఎవరూ ఆమెతో అనలేదట.