తిప్పిన పొద్దు

“మా కోడలు మొక్కల్ని నిద్రపుచ్చుతుంది. దానికి జీతం కూడా ఇస్తారు” అంది అత్తగారు, ఇంటికొచ్చిన చుట్టంతో. చుట్టం పడీపడీ నవ్వింది. కోడలు కూడా ఒక నవ్వు నవ్వి, వాళ్ళ ముందు టీ కప్పులు పెట్టి, పొయ్యి మీద కూర మాడకుండా కలపడానికి లోపలికి వెళ్ళింది.

అత్తగారి మాటలో అబద్ధమేమీ లేదు. పంటల పరిశోధన కేంద్రంలో ఆమె పని అదే. వరదనీళ్ళలో రోజుల తరబడి మునిగినా కుళ్ళని పాతరకం వరి ఒకటుంది. దాని లోపల ఒక గడియారం ఉంది. రాత్రి ఎంత పొడుగో అది కొలుచుకుంటుంది. రాత్రులు సాగాయని నమ్మకం కుదిరితేనే పొట్టకొచ్చి పూస్తుంది. ఆమె దానితో కలపాలనుకున్న పొట్టిరకం అంతదాకా ఆగదు. ముందే పూసి గింజ కట్టేస్తుంది. పెళ్ళికూతురు తయారయ్యేసరికి పెళ్ళికొడుకు ఊరెళ్ళిపోయినట్టు. అందుకే పాతరకం కుండీలను చీకటి గదిలో పెట్టి, పొడుగు రాత్రిని చేత్తో తయారుచేయాలి.

మొక్కల రాత్రి అసలు రాత్రిపూటే ఉంటే మేలు. కానీ అప్పుడు పొద్దుగూకకముందే కుండీలు లోపలికి చేర్చాలి, తెల్లారాక బయటికి తీయాలి. ఆ రెండు వేళలూ ఇంటివి. పొద్దున పొయ్యి, టిఫిన్ డబ్బాలు, ఆయన చొక్కా ఇస్త్రీ, అత్తగారి బీపీ మాత్ర. సాయంత్రం మళ్ళీ పొయ్యి. “నువ్వు లేకపోతే ఇల్లు నడవదోయ్” అని ఆయన నలుగురిలో అంటుంటాడు. పొగడ్తలాగే ఉంటుంది ఆ మాట. కాడి కూడా వాడగా వాడగా నున్నబడుతుంది. ఇంటి పొద్దు తిప్పడం చేతకాక ఆమె మొక్కల పొద్దు తిప్పింది. తను ఆఫీసుకు రాగానే ఆ గదిలో దీపాలు ఆర్పుతుంది, వాటికి రాత్రి. రాత్రి డ్యూటీకి వాచ్‌మన్ వచ్చి దీపాలు వేస్తాడు, వాటికి తెల్లవారుతుంది. తలుపుకు ‘వెలుతురు పడరాదు’ అని పెద్ద అక్షరాలతో బోర్డు రాసి తగిలించింది.

ఆయన ఆఫీసు పక్క వీధిలోనే. ఒక మధ్యాహ్నం ఆమె మడిలోంచి బురదకాళ్ళతో వస్తుంటే చీకటి గది తలుపు బార్లా తెరిచి ఉంది. దీపాలన్నీ వెలుగుతున్నాయి. కుండీల మధ్య ఆయన.

“ఎక్కడికి పోయావ్? బీరువా తాళం ఎక్కడ పెట్టావ్?”

“బోర్డు చూళ్ళేదా?”

“చూశా. అది బయటివాళ్ళకి కదా.”

మొక్కలకు అది నడిరేయి. రాత్రి నడుమ కాసేపు వెలుగు తగిలితే చాలు, వాటి గడియారం ఒక పొడుగు రాత్రిని రెండు పొట్టి రాత్రులుగా లెక్కేస్తుంది. ఈ సంగతి పెళ్ళయిన కొత్తలో ఆయనకు ఎంతో ఇష్టంగా చెప్పింది. “అబ్బో” అన్నాడప్పుడు. ఇప్పుడు మళ్ళీ చెప్పలేదు. తాళం ఎక్కడుందో చెప్పింది. ఆ తర్వాతా వచ్చాడు, గ్యాస్ బండ వాడు వచ్చి పోయాడనీ, అక్కావాళ్ళు భోజనానికి వస్తున్నారనీ. గదికి తాళం వేయొచ్చు. వేస్తే “నాకే తలుపేస్తావా?” అంటాడు. ఆ మాట తను పడలేక, వెలుతురు మొక్కలే పడతాయిలే అనుకుంది.

పొట్టిరకం పూతకొచ్చింది. పాతరకం పచ్చగా నిలబడే ఉంది. ఆమె దుబ్బులోంచి ఒక పిలక కోసి బ్లేడుతో నిలువునా చీల్చింది. లోపల లేత కంకి వెన్ను ఉండాలి. ఆకు లోపల ఆకు, దాని లోపల ఇంకో ఆకు.

పెద్దసారు వంగి చూశాడు. “తలుపు ఎవరు తీశారమ్మా?”

‘నా పొరపాటే సార్’ అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగింది.

“మా ఆయన, సార్.”

“ఓ, ఆయనా. పోన్లే, మనవాడే కదా.” సారు మొహం తేలికపడింది. “ఆలస్యంగా నాటిన చివరి వరస కుండీలు రెండు రకాలవీ ఉన్నాయిగా. అవీ పూయకపోతే ఆ గది ఇంకొకళ్ళకి ఇచ్చేద్దాం.”

ఇంట్లో మనవాడు, ఇక్కడా మనవాడే. మరి ఆ బోర్డు ఎవరి కోసం రాసినట్టు?

ఆ రాత్రి భోజనాల దగ్గర, వడ్డిస్తూ చెప్పింది. “మొక్కల రాత్రి మళ్ళీ రాత్రికే మార్చేస్తున్నా. రేపట్నించి పొద్దునపూటా, పొద్దుగూకే వేళా నేను అక్కడుంటా. గదికి తాళం వేస్తా. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.”

ఆయన ముద్ద కలపడం ఆపాడు. “మరి వంట?”

“మీరు చూసుకోండి.”

“ఎన్నాళ్ళు?”

“పూసేదాకా.”

“చూడమ్మా దీని వరస” అన్నాడు ఆయన తల్లితో. అత్తగారు ఈసారి జోకేమీ వేయలేదు. మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి కోడలి వైపు చూసింది.

“మధ్యలో లేపితే చచ్చిపోతాయా అవి?”

“చావవు అత్తయ్యా. పచ్చగా, ఏపుగా ఉంటాయి. చూసినవాళ్ళు ఎంత బాగున్నాయో అనుకుంటారు. పూయవు, అంతే.”

ఆ పూట అత్తగారు తన కంచం తనే తీసుకెళ్ళి కడుక్కుంది.

తెల్లవారకముందే ఆమె లేచి, చెప్పులు వేసుకుని, వంటింటి లైటు వేయకుండానే బయటికి నడిచింది.